ఇంజన్ మార్చిన 1971 షెవర్లే సి10లో టెంపరేచర్ గేజి ముల్లు పైకి రావడం లేదు

పాతబండి71:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1971 నాటి షెవర్లే సి10 ట్రక్కు ఉంది. మొదటి నుంచీ అందులో ఉన్న 250 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్ పూర్తిగా అరిగిపోవడంతో దాన్ని దింపేసి, 2004 నాటి ట్రక్కు నుంచి తీసిన, షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వారి 5.3 లీటర్ల ఎల్ఎస్ రకం వీ8 ఇంజన్‌ను దాని కంప్యూటర్‌తో సహా ఎక్కించాను. ఇంజన్ చక్కగా నడుస్తోంది. డ్యాష్‌బోర్డు మాత్రం పాతదే ఉంచాను. ఆ గేజిలే ఈ బండికి ముఖం అని నేను అనుకుంటాను కాబట్టి, వాటిని పీకేసి కొత్త డిజిటల్ మీటర్లు పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ సలహా తప్ప మరేదైనా చెప్పమని ముందే మనవి చేస్తున్నాను.

సమస్య టెంపరేచర్ గేజితో వచ్చింది. పాత ఇంజన్ మీద, నీటి వేడిని గేజికి తెలిపే సెండర్‌కు వెళ్లే ముదురాకుపచ్చ వైరు ఒక్కటే ఉండేది. కొత్త ఇంజన్‌లో ఎడమ సిలిండర్ హెడ్ ముందు భాగాన రెండు పిన్నుల సెన్సర్ ఉంది. తెలియక మొదట ఆ ఆకుపచ్చ వైరును ఈ సెన్సర్ వైర్లలో ఒకదానికి కలిపాను. గేజి ముల్లు కాస్త కదిలింది కానీ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది, సైలెన్సర్ నుంచి పచ్చి పెట్రోలు వాసన వచ్చింది, స్కానర్‌లో పీ0118 అనే కోడ్ కనిపించింది. వెంటనే ఆ వైరు విప్పేసి కోడ్ చెరిపేశాను. అప్పటి నుంచి ఇంజన్ మామూలుగానే ఉంది.

ఆ తర్వాత కుడి హెడ్ వెనుక భాగంలో ఉన్న మూత విప్పి, అక్కడ మర కొలత కలవడానికి ఇత్తడి బుష్ ఒకటి బిగించి, దానిలో ఒకే టెర్మినల్ ఉన్న సెండర్‌ను పెట్టాను. కారకుండా ఉండాలని రెండు చోట్లా మరకు టెఫ్లాన్ టేప్ దట్టంగా చుట్టాను. ఇప్పుడు ఇంజన్ ఎంతసేపు నడిపినా ముల్లు మొదటి గీత దాటి కొద్దిగా లేచి అక్కడే ఆగిపోతోంది. అదే సమయంలో స్కానర్ 92 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. ఇంకొక విచిత్రం కూడా ఉంది. హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా టెంపరేచర్ ముల్లూ పెట్రోలు ముల్లూ రెండూ కొద్దిగా జరుగుతున్నాయి, లైట్లు ఆర్పితే మళ్లీ యథాస్థానానికి వస్తున్నాయి.

గేజి పాడైందా, సెండర్ పాడైందా, వైరింగ్‌లో లోపమా అనేది తేల్చుకోలేకపోతున్నాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరు.

రాగితీగ:

పాతబండి గారూ, మీరు లక్షణాలన్నీ వివరంగా రాశారు కాబట్టి పని సగం తేలికైంది. నా అనుభవంలో ఇంజన్ మార్చిన బండ్లలో గేజి పాడవడం చాలా అరుదు. యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా పనిచేసిన గేజి, సరిగ్గా ఇంజన్ మార్చిన వారంలోనే చెడిపోయిందంటే నేను నమ్మను. మారింది ఇంజన్, దాని మీద సెండర్, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ మార్గం, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. వెతకవలసింది కూడా అక్కడే.

ముందుగా ఆ రెండు పిన్నుల సెన్సర్ సంగతి చెబుతాను, ఎందుకంటే అదే పొరపాటు చాలామంది చేస్తారు. అది గేజి కోసం పెట్టినది కాదు, కంప్యూటర్ కోసం పెట్టినది. కంప్యూటర్ తన లోపలి రెసిస్టర్ ద్వారా ఆ సెన్సర్‌కు 5 వోల్టులు పంపి, ఆ వైరు మీద మిగిలిన వోల్టేజిని చూసి నీటి వేడిని లెక్కగడుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ సెన్సర్ నిరోధం తగ్గుతుంది. జనరల్ మోటార్స్ వారి ఈ రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 3,500 ఓంలు, 100 డిగ్రీల దగ్గర సుమారు 177 ఓంలు చూపుతుంది. మీరు గేజి వైరును అక్కడ కలిపినప్పుడు, గేజి కాయిల్ గుండా 12 వోల్టుల సరఫరా వచ్చి ఆ 5 వోల్టుల వైరు మీద పడింది. వోల్టేజి పెరగడం అంటే కంప్యూటర్ దృష్టిలో సెన్సర్ తెగిపోయిందనో, ఇంజన్ మంచులా చల్లగా ఉందనో అర్థం. పీ0118 చెప్పేది కూడా అదే, కూలెంట్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని. అందుకే పెట్రోలు ఎక్కువగా పోసింది, జాగ్రత్త కోసం ఫ్యానునూ తిప్పింది. కంప్యూటర్‌కు హాని జరగకముందే మీరు వైరు విప్పేయడం మంచిదైంది. కంప్యూటర్‌కు ఒక సెన్సర్, గేజికి వేరే సెండర్, ఈ రెండూ ఎప్పటికీ కలవకూడదు.

ఇక గేజి విషయం. మీ బండిలోని గేజి వెనుక రెండు కాయిళ్లు ఉంటాయి. ఇగ్నిషన్ తిప్పినప్పుడు వచ్చే కరెంటు ఆ రెండింటి మధ్య ఎలా పంచుకోబడుతుందనేదాన్ని బట్టి ముల్లు అటో ఇటో లాగబడుతుంది. సెండర్ నిరోధం ఎక్కువగా ఉంటే ముల్లు చల్లని వైపు, తక్కువగా ఉంటే వేడి వైపు వెళ్తుంది. ఆ సెండర్‌కు రెండో వైరు లేదు. దాని ఒంటి లోహమే, మర ద్వారా ఇంజన్‌కు తగిలి, ఎర్త్ పని చేస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మీ సమస్యలో చాలా భాగం దానంతటదే విడిపోతుంది.

కాబట్టి ఈ వరుసలో వెళ్లండి. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, సెండర్ మీది ఆకుపచ్చ వైరు విప్పి దేనికీ తగలకుండా గాలిలో ఉంచండి. ముల్లు పూర్తిగా చల్లని వైపుకు పడిపోవాలి. తర్వాత అదే వైరు కొసను శుభ్రమైన ఇంజన్ లోహానికి రెండు మూడు సెకన్లు తాకించండి. ముల్లు పూర్తిగా వేడి వైపుకు కొట్టుకోవాలి. రెండూ జరిగితే గేజి, దాని సరఫరా, ఆకుపచ్చ వైరు, మూడూ బాగున్నట్టే. గాలిలో ఉంచినప్పుడు కూడా ముల్లు పైనే ఉంటే ఆ వైరు దారిలో ఎక్కడో నలిగి బాడీకి తగులుతోందని అర్థం. తాకించినా కదలకపోతే వైరు తెగి ఉండాలి, లేదా మీటరు బోర్డు వెనుక రేకు సర్క్యూట్‌లో అతుకు వదిలి ఉండాలి.

రెండో పరీక్ష ఎర్త్‌ది. హెడ్‌లైట్లు వేసినప్పుడు రెండు ముళ్లూ కదులుతున్నాయని మీరు రాసిన వాక్యం చూడగానే నాకు ఇదే తట్టింది. టెంపరేచర్ సెండర్ ఇంజన్ మీద ఉంది, పెట్రోలు సెండర్ ట్యాంకులో ఉంది. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మీటరు బోర్డు సరఫరా, దాని ఎర్త్ మాత్రమే. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, క్యాబిన్ కూడా ఛాసిస్ మీద రబ్బరు మీదనే కూర్చుంటుంది. పాత ఇంజన్ నుంచి క్యాబిన్ ముందు గోడకు ఒక అల్లిక రాగి పట్టీ ఉండేది. ఇంజన్ దింపేటప్పుడు దాన్ని విప్పి పక్కన పడేసి, కొత్తది ఎక్కించాక మరచిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టి, హెడ్‌లైట్లు, హీటర్ బ్లోయర్ రెండూ ఆన్ చేసి, బ్యాటరీ నెగెటివ్ స్తంభానికీ క్యాబిన్ లోహానికీ మధ్య కొలవండి. తర్వాత బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య కొలవండి. ఎక్కడైనా 0.2 వోల్టు దాటితే ఆ దారిలో ఎర్త్ సరిగా లేదు.

మూడోది సెండర్. దాన్ని విప్పి, ఒక గిన్నెలో నీళ్లు కాచి, టెర్మినల్ పైకి ఉండేలా తీగతో వేలాడదీసి, థర్మామీటర్ పక్కన పెట్టి, టెర్మినల్‌కూ ఒంటికీ మధ్య ఓంలు రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, 40 డిగ్రీల దగ్గర ఒకటి, మరిగేటప్పుడు ఒకటి చాలు. నీళ్లు మరిగే వేడి సముద్ర మట్టం దగ్గర 100 డిగ్రీలైనా, ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 300 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి థర్మామీటర్ చూసే రాయండి. ఆ మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం. సెండర్ విప్పే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలని, కూలెంట్ మట్టం హెడ్ కంటే కిందికి దించుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

నీలిట్రక్కు:

రాగితీగ గారు చెప్పిన పద్ధతి షెవర్లేకు సరైనదే. అయితే ఈ శీర్షిక చూసి ఫోర్డ్ యజమానులు ఎవరైనా ఇక్కడికి వస్తే ఒక హెచ్చరిక అవసరం. నాది 1969 నాటి ఫోర్డ్ ఎఫ్-100, అందులో కూడా ఇంజన్ మార్చాను. ఫోర్డ్ వారి ఆ కాలపు గేజిలు కాయిల్ రకం కావు. లోపల చిన్న తీగ వేడెక్కి, రెండు లోహాల పట్టీ వంగి, ముల్లును నెడుతుంది. వాటికి 12 వోల్టులు నేరుగా వెళ్లవు. మీటరు బోర్డు వెనుక ఒక చిన్న వోల్టేజి రెగ్యులేటర్ కరెంటును టకటకా కలుపుతూ తెంచుతూ సగటున 5 వోల్టులకు దగ్గరగా ఉంచుతుంది. సెండర్ చల్లగా ఉన్నప్పుడు సుమారు 73 ఓంలు, బాగా వేడెక్కినప్పుడు సుమారు 10 ఓంలు ఉండాలి.

అలాంటి గేజి వైరును నేరుగా ఎర్త్‌కు తాకించి పట్టుకుంటే లోపలి తీగ కాలిపోతుంది. నేను మొదటిసారి ఆ పని చేసి మంచి గేజిని పోగొట్టుకున్నాను. రెండోసారి 10 ఓంల రెసిస్టర్ ఒకటి మధ్యలో పెట్టి తాకించాను. ముల్లు ఒక నిమిషం పాటు నెమ్మదిగా పాకి వేడి గీత దగ్గర ఆగింది. ఆ రకం గేజిలో ముల్లు నెమ్మదిగా కదలడం లోపం కాదు, దాని తీరే అంత. అలాగే షెవర్లే సెండర్ ఫోర్డ్ గేజికి, ఫోర్డ్ సెండర్ షెవర్లే గేజికి ఏ విధంగానూ పనికిరావు. ఇంజన్ ఏ కంపెనీదైనా కావచ్చు, సెండర్ మాత్రం గేజి కంపెనీదే కావాలి.

పాతబండి71:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కూర్చుని అన్నీ కొలిచాను. ఫలితాలు వరుసగా రాస్తున్నాను.

వైరు గాలిలో ఉంచితే ముల్లు అడుక్కు పడింది, ఇంజన్‌కు తాకిస్తే చివరిదాకా వెళ్లింది. కాబట్టి గేజి, వైరు బాగానే ఉన్నాయి.

ఎర్త్ విషయంలో రాగితీగ గారి అనుమానం అక్షరాలా నిజమైంది. లైట్లు, బ్లోయర్ ఆన్ చేసినప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ క్యాబిన్‌కూ మధ్య 0.7 వోల్టు చూపించింది. ఇంజన్ బ్లాక్‌తో మాత్రం 0.05 లోపే ఉంది. వెనక్కి వంగి టార్చి వేసి చూస్తే, క్యాబిన్ గోడ మీద పాత పట్టీ ఉండిన బోల్టు రంధ్రం ఖాళీగా ఉంది, దాని చుట్టూ నేనే కొట్టించిన కొత్త పెయింటు మెరుస్తోంది. పట్టీ దొరకలేదు, బహుశా పాత ఇంజన్‌తో పాటే వెళ్లిపోయి ఉంటుంది.

సెండర్ కొలతలు: 38 డిగ్రీల దగ్గర సుమారు 2,000 ఓంలు, మరిగే నీటిలో, థర్మామీటర్ 100 చూపుతుండగా, 210 ఓంలు. ఇది ఎవరో వాడి పక్కన పెట్టిన కొత్త మీటర్ల సెట్టులోది, మర సరిపోయిందని తీసుకున్నాను. విప్పకముందు ఇంకొకటి కూడా కొలిచాను. సెండర్ ఒంటికీ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య 30 ఓంల పైన చూపించింది, వైరును అటూ ఇటూ కదిపితే ఆ అంకె మారుతూ ఉంది.

ఆ తర్వాత నా దగ్గర ఉన్న వెయ్యి ఓంల వేరియబుల్ రెసిస్టర్‌ను సెండర్ స్థానంలో కలిపి, తిప్పుతూ ముల్లును చూశాను. 120 ఓంల దగ్గర ముల్లు సరిగ్గా మధ్య గీత మీద నిలిచింది. 55 ఓంల దగ్గర వేడి గీతను తాకింది. నా ప్రశ్న ఇప్పుడు ఇది: ఈ సెండర్‌కే సమాంతరంగా ఒక రెసిస్టర్ కలిపి, 210ని 120గా చేసుకోవచ్చా? లెక్క ప్రకారం 280 ఓంలు కావాలి, దుకాణాలలో దొరికే అంకెల్లో 270 దగ్గరగా ఉంది.

రాగితీగ:

వేరియబుల్ రెసిస్టర్‌తో గేజిని కొలవడం చాలా మంచి పని. ఇది చేసేవాళ్లు తక్కువ. గేజి ఏం కోరుతుందో మీకు ఇప్పుడు ఊహ కాదు, అంకెల రూపంలో తెలుసు. మీ అంకెలు నాకు తెలిసినవాటితో సరిపోతున్నాయి కూడా. ఆ కాలపు జనరల్ మోటార్స్ సెండర్లు 38 డిగ్రీల దగ్గర 1,365 ఓంలు, 127 డిగ్రీల దగ్గర 55 ఓంలు చూపుతాయి. మీ వేడి గీత 55 దగ్గరే ఉంది.

మీ లెక్క కూడా తప్పు కాదు. 210కి 270 సమాంతరంగా కలిపితే 118 వస్తుంది, 100 డిగ్రీల దగ్గర ముల్లు మధ్యలో నిలుస్తుంది. అయినా మీరు ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. కారణం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రెసిస్టర్ చిట్కా అన్ని చోట్లా వినిపిస్తుంది కానీ దాని రెండో వైపు ఎవరూ చెప్పరు.

సమాంతర రెసిస్టర్ ఒక్క వేడి దగ్గర మాత్రమే గేజిని సరిచేస్తుంది. అటూ ఇటూ కొలతను పిండేస్తుంది. ఇంజన్ 38 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మీ సెండర్ 2,000 ఓంలు, దానికి 270 కలిస్తే 238. గేజి మాత్రం అప్పుడు 1,365 చూడాలనుకుంటుంది. 238 చూసిన గేజి, ఇంజన్ 80 డిగ్రీలకు చేరిందని చెబుతుంది. అంటే ఇంకా సరిగా వేడెక్కని ఇంజన్ మీద ముల్లు అప్పటికే మధ్య గీతకు దగ్గరగా నిలబడి ఉంటుంది. ఇది అసౌకర్యమే తప్ప ప్రమాదం కాదు. ప్రమాదం రెండో కొసన ఉంది. మీ సెండర్ పోకడను బట్టి చూస్తే 120 డిగ్రీల దగ్గర అది దాదాపు 118 ఓంలకు వస్తుంది. 270తో కలిస్తే 82. ఆ వేడి దగ్గర గేజి కోరేది 70 కంటే కొంచెం తక్కువ. కాబట్టి ఇంజన్ నిజంగా 120కి చేరినప్పుడు మీ గేజి 113 దగ్గర ఉందని చూపుతుంది. గేజి ఉన్నదే ఆ కొస కోసం. నీళ్లు, కూలెంట్ సగం సగం కలిపి, 15 పీఎస్ఐ ఒత్తిడిని పట్టే రేడియేటర్ మూత బిగించినప్పుడు మరిగే వేడి సుమారు 129 డిగ్రీలు. అంత దగ్గరకు వచ్చినప్పుడు ఏడు డిగ్రీలు తక్కువ చూపే గేజి కంటే అసలు గేజి లేకపోవడమే నయం, ఎందుకంటే లేనప్పుడు మనిషి కనీసం అనుమానంగా ఉంటాడు.

రెసిస్టర్ ఎప్పుడు పనికివస్తుందంటే, సెండర్ పోకడ గేజికి దాదాపు సరిపోయి, ఐదారు ఓంల తేడా మాత్రం ఉన్నప్పుడు. సెండర్ నిరోధం ఎక్కువగా ఉంటే సమాంతరంగా, తక్కువగా ఉంటే వరుసలో చిన్నది కలపాలి, ఒక వాట్ రకం తీసుకుంటే వేడెక్కదు. మీకు ఆ అవసరం లేదు. మీ గేజికి తగిన నిరోధం ఉండి, ఎల్ఎస్ హెడ్‌కు సరిపోయే ఎం12, 1.5 మిల్లీమీటర్ల మర ఉన్న సెండర్లు ఈ రకం మార్పిడుల కోసమే తయారవుతున్నాయి. అది తీసుకుంటే బుష్ కూడా అక్కర్లేదు. కొన్న వెంటనే గిన్నెలో కాచి, 100 దగ్గర 120 ఓంలకు దగ్గరగా వస్తేనే బిగించండి. డబ్బా మీద రాసినదాన్ని నమ్మవద్దు.

బుష్ అక్కర్లేకపోవడం ఎర్త్‌కే కాదు, కొలతకూ మంచిది. బుష్ పొడవుగా ఉంటే సెండర్ కొస నీటి ప్రవాహంలోకి చేరదు, బుష్ లోపలి గుంతలో నిలిచిన నీటిని కొలుస్తూ కూర్చుంటుంది. వేగంగా వేడెక్కే ఇంజన్ మీద ముల్లు నిమిషాల తరబడి వెనకబడుతుంది. టెఫ్లాన్ టేప్ గురించి రెండు వాదాలు ఉన్నాయి. ఒక చుట్టు చుడితే బిగించేటప్పుడు మర అంచు దాన్ని కోసుకుని లోహానికి తగులుతుందనేది చాలావరకు నిజమే. మీరు దట్టంగా, అదీ రెండు చోట్ల చుట్టారు. 30 ఓంల తేడా, కదిపితే మారడం దానివల్లనే. ఎం12 మర సూటి మర కాబట్టి దానికి టేప్ అవసరమే లేదు, కింద వాషర్ కారడాన్ని ఆపుతుంది.

ఇంకొక మాట అడగాలి. హెడ్ల పైన ఆవిరి బయటికి పోయే సన్నని గొట్టం ఉంటుంది, ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ కింద. దాన్ని రేడియేటర్ పైభాగానికి కలిపారా, మూసేశారా? మూసేస్తే హెడ్ల పైన గాలి చేరుతుంది. మీ సెండర్ ఉన్న వెనుక మూలలో గాలి బుడగ నిలిస్తే, సెండర్ నీటిని కాకుండా గాలిని తాకి, ఇంజన్ మండుతున్నా చల్లగా ఉందని చెబుతుంది. అన్నీ సరిచేసినా ముల్లు హఠాత్తుగా పడిపోయి లేస్తూ ఉంటే ముందు ఈ గొట్టమే చూడండి.

గాజుమూత:

చర్చ ఉపయోగకరంగా ఉంది కాబట్టి ఇక్కడే ఒక చిన్న సందేహం అడుగుతున్నాను. నాది 1951 నాటి షెవర్లే ట్రక్కు. అందులో గేజికి వైరు లేదు, గేజి నుంచి ఇంజన్ దాకా ఒక సన్నని రాగి గొట్టం, దాని కొసన గుండు ఉన్నాయి. కొత్త ఇంజన్‌కు ఆ గుండు సరిపోవడం లేదు. గొట్టాన్ని కోసి కొత్త కొస అతికించవచ్చా?

రాగితీగ:

గాజుమూత గారూ, దయచేసి కోయవద్దు. ఆ గుండులో ఈథర్ వంటి ద్రవం ఉంటుంది. వేడికి దాని ఆవిరి ఒత్తిడి పెరిగి, గొట్టం ద్వారా గేజిలోని వంపు గొట్టాన్ని నిటారు చేస్తుంది, ముల్లు కదులుతుంది. కోసిన క్షణంలో ద్రవం పోతుంది, గేజి చనిపోతుంది. గుండును అలాగే ఉంచి, దాని నట్ పట్టేలా కొత్త ఇంజన్ రంధ్రానికి తగిన బుష్ తిప్పించుకోండి. గొట్టం పొడవు ఎక్కువైతే చుట్టగా చుట్టి కట్టండి, ఎక్కడా మడత పడనివ్వవద్దు. ఆ గేజికి కరెంటుతో పని లేదు కాబట్టి మీరు 6 వోల్టుల నుంచి 12కు మారినా దానికి ఏమీ కాదు.

పాతబండి71:

పని పూర్తయింది, వివరాలు రాస్తున్నాను.

ముందు ఎర్త్ చూశాను. క్యాబిన్ గోడ మీద బోల్టు చుట్టూ పెయింటు గీకి, ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్ది, ఇంజన్ హెడ్ వెనుక నుంచి అక్కడికి వెడల్పాటి అల్లిక పట్టీ బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. అదే లైట్లు, అదే బ్లోయర్ ఆన్ చేసి కొలిస్తే 0.7 ఉన్నది 0.04కు వచ్చింది. పాత సెండర్ ఇంకా మార్చకముందే లైట్లు వేసి చూశాను. పెట్రోలు ముల్లు ఒక వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఇన్నాళ్లూ ట్యాంకు సెండర్ పాడైందని అనుకుంటూ ఉన్నాను, దాన్ని విప్పాలని కూడా నిర్ణయించుకుని ఉన్నాను.

కొత్త సెండర్ మర, నిరోధం రెండూ సరిపోయేది దొరికింది. గిన్నెలో కాస్తే 99 డిగ్రీల దగ్గర 124 ఓంలు చూపించింది. టేప్ లేకుండా రాగి వాషర్‌తో నేరుగా హెడ్‌లోకి బిగించాను. బిగించాక ఒంటికీ బ్లాక్‌కూ మధ్య మీటర్ సున్నాకు దగ్గరగా ఉంది. ఆకుపచ్చ వైరు కొస నల్లబడి ఉండడంతో రెండు అంగుళాలు కోసి కొత్త టెర్మినల్ వేశాను.

ఆవిరి గొట్టం ప్రశ్నకు జవాబు: మూసేసి ఉంది. ఇంటేక్ కింద కొసన రబ్బరు టోపీ తొడిగి, క్లిప్ బిగించి వదిలేశాను, అదేమిటో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు దాన్ని రేడియేటర్ పై ట్యాంకుకు సన్నని హోస్‌తో కలిపాను. కూలెంట్ నింపి, బండి ముందు భాగం ఎత్తి, మూత తీసి నడిపినప్పుడు దాదాపు పది నిమిషాల పాటు ఆ హోస్ నుంచి బుడగలు వచ్చి, ఆ తర్వాత సన్నని ధార స్థిరంగా పడింది. మట్టం ఒక లీటరుకు పైగా తగ్గింది, అంత గాలి లోపల ఉందన్నమాట.

నడిపి చూస్తే స్కానర్ 92 చూపుతున్నప్పుడు ముల్లు మధ్య గీతకు ముల్లు మందం అంత కింద నిలుస్తోంది. ఎండలో నిలబెట్టి ఇంజన్ నడుస్తుండగా 103 వచ్చినప్పుడు మధ్య గీతను కొద్దిగా దాటింది, ఫ్యాను తిరగగానే మళ్లీ దిగింది. గ్లాసు లోపలి అంచున, స్కానర్ 110 చూపే చోట ముల్లు ఎక్కడ ఉంటుందో వేరియబుల్ రెసిస్టర్‌తో లెక్క కట్టి చిన్న ఎర్ర చుక్క పెట్టుకున్నాను. 110 దగ్గర ఆ కాలపు జనరల్ మోటార్స్ సెండర్ పోకడ ప్రకారం ఉండవలసిన ఓంలను నేను 90గా తీసుకున్నాను. అది సరేనా, రాగితీగ గారూ?

రాగితీగ:

90 సరిపోతుంది. అసలు పోకడ దానికి ఒకటి రెండు ఓంలు అటూ ఇటూగానే ఉంటుంది, ముల్లు మందంలో ఆ తేడా కలిసిపోతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లారిన తర్వాత కూలెంట్ మట్టం ఒకసారి చూసి, ఆ రాగి వాషర్ చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.